మెత్తని గుడ్డ గట్టి చక్రంగా మారే వేగం: ఎమరీ మాప్‌ల నిర్మాణం వెనుక లెక్కలు

చెక్కడపు పని ఉన్న కుర్చీ కాలిని చేత్తో నునుపు చేసినవారికి ఒక సంగతి బాగా తెలుసు. చదునైన పలకను ఉప్పు కాగితంతో రుద్దడం కాసేపటి పని; అదే కాలి మీది పూసలను, వాటి నడుమ ఉన్న సన్నని గాడులను, ఆకుల అంచులను నునుపు చేయాలంటే ఒక పూట పడుతుంది. పలక మీద చురుగ్గా నడిచే సాండర్ యంత్రం గాడిలోకి దూరదు, పూస మీద నిలవదు. ఈ ఇబ్బందికి విరుగుడుగా వచ్చిన సాధనమే మాప్. గరుకు రేణువులు అంటించిన ఎమరీ గుడ్డ ముక్కలను ఒక ఇరుసు చుట్టూ గుత్తిగా బిగించి, డ్రిల్ మిషన్‌కో లేత్‌కో తగిలించి తిప్పితే, ఆ గుడ్డ పాయలు వస్తువు ఆకారాన్ని బట్టి వంగుతూ దాన్ని గీకుతూ పోతాయి.

చూడటానికి ఇంత సులువైన వస్తువు కాబట్టే చాలామంది దీన్ని స్వయంగా కట్టుకుంటారు. చిక్కులు ఆ తరువాతే మొదలవుతాయి. ఒకరి మాప్ చెక్కను తాకీ తాకనట్టు తడిమి వదిలేస్తే, అదే గుడ్డతో కట్టిన మరొకరి మాప్ అంచులను తినేస్తుంది. ఒకరి నట్టు ఏళ్ల తరబడి కదలదు, ఇంకొకరిది రెండు నిమిషాల్లో ఊడి వస్తుంది. వీటిలో ఏదీ అదృష్టం మీద ఆధారపడిన వ్యవహారం కాదు. దాదాపు అన్నింటికీ మూలం మాప్ ఎంత వేగంతో, ఏ దిశలో తిరుగుతుందన్నదే. వేగం వాడకం నాటి విషయమని, ముందు మాప్ కట్టుకుని తరువాత ఆలోచించవచ్చని అనుకోవడం వల్లనే ఎక్కువ తప్పులు జరుగుతున్నాయి.

పేరు ఒకటే, వస్తువులు నాలుగు

మాప్ అనే మాటను వాడుకలో కనీసం నాలుగు వేర్వేరు వస్తువులకు వాడుతున్నారు. మొదటిది నూలు గుడ్డ బిళ్లలను కలిపి కుట్టిన పాలిష్ మాప్, అంటే బఫ్. దాని గుడ్డలో గరుకు రేణువులేవీ ఉండవు. తిరుగుతున్న బఫ్‌కు పాలిష్ దిమ్మను ఆనించి, ఆ పూతను అంటించాకనే అది పని చేస్తుంది. రెండోది ఫ్లాప్ వీల్. ఇందులో ఎమరీ గుడ్డ రెక్కలు ఇరుసుకు సమాంతరంగా నిలబడి ఉంటాయి; పుస్తకాన్ని నిలబెట్టి, అట్టలు ఒకదానికొకటి తాకేదాకా పుటలన్నీ గుండ్రంగా విప్పితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. రెక్కల మొదళ్లు నడిమధ్యలో ఎపాక్సీ వంటి జిగురులో కూరుకుపోయి ఉంటాయి కనుక దాన్ని విప్పి మళ్లీ కట్టే వీలు లేదు. మూడోది ఫ్లాప్ డిస్క్. గట్టి పళ్లెం మీద రెక్కలను పెంకుల కప్పులా ఒకదాని మీద ఒకటి సగం కప్పేలా అంటించిన ఈ వస్తువు యాంగిల్ గ్రైండర్ (చేత్తో పట్టుకుని లోహాన్ని అరగదీసే, చాలా వేగంగా తిరిగే యంత్రం) కోసం తయారైంది. పేరులో సామ్యం ఉన్నా ఇది మెత్తనిది కాదు.

నాలుగోది ఈ వ్యాసానికి విషయమైన సాండింగ్ మాప్. ఎమరీ గుడ్డ పట్టీలను లేదా చతురస్రాలను అంచుల నుంచి లోపలికి పాయలుగా చీల్చి, మధ్యలో రంధ్రం పెట్టి, ఇరుసుకు అడ్డంగా, పళ్లేల దొంతరలా పేర్చి, రెండు వైపులా వాషర్లతో బిగిస్తారు. అరిగిపోయినప్పుడు నట్టు విప్పి గుడ్డను మాత్రమే మార్చుకోవచ్చు. ఇవి కాక నైలాన్ పీచులో రేణువులను పొదిగిన అల్లికలేని రకం కూడా ఉంది. అది లోహాల మీద మెరుపు తగ్గించి మసక మెరుగు తెచ్చే పనికి ఎక్కువగా వాడుతారు.

గుడ్డ, రేణువు, జిగురు

ఎమరీ గుడ్డలో మూడు పొరలుంటాయి: అడుగున గుడ్డ, దాని మీద రేణువులను పట్టుకునే జిగురు పూత, ఆ రేణువులను కదలకుండా నిలబెట్టే రెండో జిగురు పూత. మంచి రకాల్లో విద్యుత్ క్షేత్రం సాయంతో రేణువులు మొనలు పైకి ఉండేలా గుడ్డ మీద నాటుకుంటాయి. ఎమరీ అనే పేరు పాతకాలపు సహజ ఖనిజం నుంచి వచ్చినదే కానీ ఇవాళ చెక్కకు, మామూలు లోహాలకు వాడే గుడ్డల్లో ఎక్కువ భాగం కృత్రిమ అల్యూమినియం ఆక్సైడ్‌తో చేసినవి. అంతకన్నా పదునైనది, కానీ పెళుసుగా విరిగేది సిలికాన్ కార్బైడ్. అమెరికన్ ఆవిష్కర్త ఎడ్వర్డ్ ఆచిసన్ 1891లో కనుగొని కార్బోరండం అని పేరు పెట్టినది ఇదే.

రేణువు పరిమాణాన్ని యూరప్ తయారీదారుల సమాఖ్య ఫెపా పద్ధతిలో పి అక్షరంతో సూచిస్తారు. సంఖ్య పెరిగే కొద్దీ రేణువు చిన్నదవుతుంది. పి-80 రేణువు సగటున 201 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), పి-120 రేణువు 125 మైక్రాన్లు, పి-240 రేణువు 58.5 మైక్రాన్లు ఉంటుంది. అయితే ఈ అంకె మాప్ విషయంలో కొంత మోసం చేస్తుంది. వెనుక గట్టి దిమ్మ ఉన్న పి-120 కాగితం రేణువును చెక్కలోకి నొక్కుతుంది. మాప్‌లో వెనుక ఉన్నది గాలి, కొద్దిపాటి గుడ్డ బిగువు మాత్రమే. అందువల్ల ఒకే అంకె ఉన్న గుడ్డ మాప్‌లో వాడినప్పుడు మరింత సన్నని గీతలను మిగులుస్తుంది.

గుడ్డ మందాన్ని జె, ఎక్స్, వై అనే అక్షరాలతో చెబుతారు. జె రకం పలచనిది, సులువుగా వంగుతుంది. ఎక్స్ మందం, వై ఇంకా దృఢం. గాడుల్లోకి దూరాల్సిన మాప్‌కు జె రకమే సరిపోతుంది. కాగితాన్ని ఎందుకు వాడకూడదన్న ప్రశ్న సహజంగా వస్తుంది. ప్రతి చుట్టుకూ ఒకసారి మడత పడి మళ్లీ నిటారయ్యే పాయకు వంపు తట్టుకునే శక్తి కావాలి. కాగితం కొద్దిసేపటికే మడత దగ్గర తెగి ఎగిరిపోతుంది. గుడ్డ మాత్రం కొనల దగ్గర దారాలు దారాలుగా పీచు పట్టి, పాత రేణువులు రాలి, నిదానంగా అరుగుతుంది. అలా పీచు పట్టడం లోపం కాదు, మాప్ ఎలా అరగాలో అలాగే అరుగుతోందనడానికి గుర్తు.

ఇక్కడే నేతకు సంబంధించిన ఒక చిన్న మెలకువ ఉంది. ఎమరీ గుడ్డ చుట్ట పొడవునా పడుగు దారాలు, అడ్డంగా పేక దారాలు ఉంటాయి. లాగుడును బాగా ఓర్చుకునేది, తక్కువగా సాగేది పడుగు. పట్టీ పొడవు పడుగు వెంట వచ్చేలా కోస్తే ప్రతి పాయలోనూ కింది నుంచి కొన దాకా తెగని పడుగు దారాలుంటాయి. అడ్డంగా కోస్తే పాయలు త్వరగా తెగుతాయి.

వేగంతో మారే గట్టితనం

ఆగి ఉన్న మాప్‌ను చేత్తో పట్టుకుంటే పాయలు తుండుగుడ్డలా జారుతాయి. అదే మాప్ పూర్తి వేగంతో తిరుగుతున్నప్పుడు వాటిని వంచడానికి బలం కావాలి. గుడ్డ మారలేదు, జిగురు మారలేదు. ప్రతి పాయనూ ఇరుసు నుంచి బయటికి లాగే అపకేంద్ర బలం దాన్ని తీగలా బిగించింది. ఈ బలం వేగంతో పాటు మామూలుగా పెరగదు, వేగపు వర్గంతో పెరుగుతుంది. చుట్లు రెట్టింపైతే లాగుడు నాలుగింతలవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా దానితోనే నడుద్దాం. పట్టీ పొడవు 150 మి.మీ., వెడల్పు 50 మి.మీ., బరువు 3 గ్రాములు అనుకుందాం. మధ్యలో 50 మి.మీ. మేర చీల్చకుండా వదిలి, రెండు కొనల నుంచీ 50 మి.మీ. లోతున సుమారు 6 మి.మీ. వెడల్పు పాయలుగా చీల్చాం. అంటే ఒక్కో కొనలో ఎనిమిది పాయలు, వాటన్నిటి బరువు కలిపి ఒక గ్రాము. ఆ గ్రాము బరువు కేంద్రం ఇరుసు నుంచి 50 మి.మీ. దూరంలో ఉంటుంది.

నిమిషానికి 1500 చుట్ల వద్ద ఆ ఒక గ్రాము గుడ్డ 126 గ్రాముల బరువు వేలాడదీసినట్టు లాగుతుంది. 3000 చుట్ల వద్ద అది అర కిలో. యాంగిల్ గ్రైండర్ తిరిగే 11,000 చుట్ల వద్ద ఆరు కిలోల ముప్పావు. గుడ్డ అదే, గ్రాము అదే.

మాప్ ఎందుకు అందరి చేతుల్లో ఒకేలా ప్రవర్తించదన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. 1500 చుట్ల దగ్గర పాయలు గాడిలోకి జారి దాని అడుగును తడుముతాయి. 3000 చుట్ల దగ్గర అవే పాయలు బిగుసుకుని గాడిని దాటేస్తూ, ఎత్తుగా ఉన్న అంచులను మాత్రమే కొడతాయి. మాప్ సరిగ్గా కోయడం లేదని వేగం పెంచిన మనిషికి వెంటనే ఎక్కువ పొడి రాలుతూ కనిపిస్తుంది కాబట్టి పని జరుగుతోందని తృప్తి కలుగుతుంది. రాలుతున్న పొడి అంచులదని తరువాత గానీ తెలియదు.

దీని మీద అనుభవజ్ఞుల్లో రెండు అభిప్రాయాలున్నాయి. వేగాన్ని స్థిరంగా తక్కువలో ఉంచి, కోత పెరగాలంటే ముతక రేణువు వాడాలన్నది ఒకటి. రేణువును మార్చకుండా వేగాన్ని పెంచి తగ్గించడమే సులువన్నది రెండోది. వేగం నియంత్రించగల డ్రిల్ ఉన్నవారికి రెండో మాటలో సౌకర్యం ఉంది, కాదనలేం. కానీ వేగం పెంచితే కోతతో పాటు గట్టితనం, వేడి, బిగింపు మీద భారం అన్నీ ఒకేసారి పెరుగుతాయి. రేణువు మారిస్తే కోత ఒక్కటే మారుతుంది. కారణాలను విడివిడిగా చూడగలగడం వల్ల నాకు మొదటి పద్ధతే సబబుగా తోస్తుంది.

గట్టితనాన్ని మార్చే అంశాలు ఇంకో రెండు ఉన్నాయి. పాయల వెడల్పు తగ్గితే అవి మెలి తిరగడం సులువవుతుంది. అడ్డంగా పేర్చిన మాప్‌లో ఇది ముఖ్యం, ఎందుకంటే ఇందులో గుడ్డ ముఖం పక్కకు చూస్తుంది, చుట్టుకొలత వైపు ఉండేది అంచు మాత్రమే. పాయ తాకిన వెంటనే మెలి తిరిగితేనే రేణువుల ముఖం జాబ్ మీద పడుతుంది. యంత్రం మీద పని జరిగే వస్తువును వర్క్‌షాపుల్లో జాబ్ అంటారు. ఇకపై ఆ మాటే వాడుతాను. రెండోది పట్టీల ఒత్తు. ప్రతి రెండు మూడు పట్టీల మధ్య ఒక చిన్న వాషరు వేస్తే పాయలకు కదిలే చోటు, గాలి ఆడే చోటు దొరుకుతాయి. ఏ ఎడమూ లేకుండా నొక్కి పేరిస్తే మాప్ మొద్దుగా, చెక్కలా తయారవుతుంది.

కొన వేగం, గ్రైండర్ అనే వల

యంత్రం మీద రాసి ఉండేది నిమిషానికి చుట్లు. జాబ్‌కు తెలిసేది పాయ కొన ఎంత వేగంగా గీసుకుంటూ పోతోందన్నదే. వ్యాసాన్ని 3.14తో గుణించి, దాన్ని సెకనుకు ఎన్ని చుట్లో ఆ అంకెతో గుణిస్తే కొన వేగం వస్తుంది. ఇందులో మొదటి పొరపాటు వ్యాసం దగ్గరే జరుగుతుంది. మన పట్టీ పొడవు 150 మి.మీ. అయినా దాని మూలలు ఇరుసు నుంచి 79 మి.మీ. దూరంలో ఉంటాయి కాబట్టి మాప్ అసలు వ్యాసం 158 మి.మీ. పట్టీకి బదులు 150 మి.మీ. చతురస్రం వాడితే తేడా ఇంకా పెద్దది: మూల నుంచి మూలకు 212 మి.మీ. చతురస్రాన్ని మనం అంచు పట్టి కొలుస్తాం, అది మూల పట్టి తిరుగుతుంది.

158 మి.మీ. మాప్‌కు 1500 చుట్ల వద్ద కొన వేగం సెకనుకు 12.4 మీటర్లు, 3000 వద్ద 24.8 మీటర్లు. 11,000 చుట్ల వద్ద 91 మీటర్లు. చిన్న గ్రైండర్ల ఫ్లాప్ డిస్కుల మీద సాధారణంగా సెకనుకు 80 మీటర్లు అని గరిష్ఠ వేగం ముద్రించి ఉంటుంది, 125 మి.మీ. డిస్కుకు అది నిమిషానికి దాదాపు 12,200 చుట్లకు సమానం. ఫ్లాప్ వీళ్లు, ఫ్లాప్ డిస్కులు, ఫైబర్ డిస్కుల భద్రతకు యూరప్‌లో ఈఎన్ 13743 అనే ప్రత్యేక ప్రమాణమే ఉంది. అంటే ఫ్యాక్టరీలో గట్టి పళ్లెం మీద అంటించి, పరీక్షించి పంపిన డిస్కు కూడా అందుకోకూడని వేగానికి, వాషర్ల మధ్య బిగించిన చీలికల గుడ్డను తీసుకెళ్తున్నామన్నమాట. పైగా 158 మి.మీ. మాప్ 125 మి.మీ. గ్రైండర్ గార్డులో పట్టదు; దాన్ని తగిలించాలంటే గార్డు తీసేయాలి. గార్డు తీస్తే తప్ప పట్టని వస్తువు ఆ యంత్రానిది కాదు.

బెంచ్ గ్రైండర్ల విషయం వేరు. 50 హెర్ట్జ్ కరెంటు మీద రెండు ధ్రువాల మోటారు 3000 చుట్లకు కాస్త తక్కువలో, నాలుగు ధ్రువాల మోటారు 1500కు కాస్త తక్కువలో తిరుగుతాయి. 60 హెర్ట్జ్ మీద ఈ అంకెలు 3600, 1800. మెత్తగా కట్టిన మాప్‌లకు నాలుగు ధ్రువాల మోటారు ఇచ్చే వేగం చక్కగా కుదురుతుంది.

రేణువుల ముఖం ఎటు ఉండాలి

ఫ్లాప్ వీల్ మీద బాణం గుర్తు ఎందుకుంటుందో ఒక చిన్న సాధనంతో సులువుగా అర్థమవుతుంది. గుండ్రటి కర్ర ముక్క కొనను రంపంతో నిలువునా చీల్చి, ఆ చీలికలో ఎమరీ పట్టీ దూర్చితే అది ఒంటి రెక్కల ఫ్లాప్ వీల్. తిరుగుతూ జాబ్‌ను తాకిన క్షణంలో రెక్క కొన వెనకబడుతుంది, మొదలు ముందుకు పోతుంది. రెక్క వెనక్కి వంగుతుంది. అప్పుడు జాబ్ మీద పడేది తిరిగే దిశ వైపు చూసే ముందు ముఖం. రేణువులు ఆ వైపున ఉంటే కోత జరుగుతుంది. అటు గుడ్డ వీపు ఉంటే అది జాబ్‌ను రుద్ది వేడెక్కిస్తుందే తప్ప గీకదు. రెండు దిశల్లోనూ తిప్పాల్సి వస్తే రెండు పట్టీలను వీపు వీపు ఆనించి పెట్టడం ఒక్కటే దారి. అడ్డంగా పేర్చిన మాప్‌లో ఈ సమస్య మరో రూపంలో వస్తుంది: అన్ని పట్టీల ముఖాలూ ఒకే పక్కకు ఉంటే, మాప్‌ను అటు జరిపినప్పుడు ఒకలా, ఇటు జరిపినప్పుడు మరోలా కోస్తుంది. అందుకే సగం పట్టీలను అటు, సగం ఇటు తిప్పి పేరుస్తారు.

దానంతటదే ఊడిపోయే నట్టు

ఇంట్లో కట్టే మాప్‌లు ఎక్కువగా ఒకే తీరున ఉంటాయి. పొడవాటి బోల్టు తీసుకుని, తలకు ఆనించి ఒక పెద్ద వాషరు, పట్టీల దొంతర, మరో వాషరు, నట్టు వేసి, మిగిలిన మరల భాగాన్ని డ్రిల్ చక్‌లో, అంటే కాడను పట్టుకునే దవడల్లో, బిగిస్తారు. బోల్టు తల బయటి కొనలో, నట్టు చక్ వైపున ఉంటాయి. పైకి ఏ తప్పూ కనబడదు. నేను మొదట కట్టిన మాప్ కూడా ఇలాంటిదే. చెక్క మీద పెట్టిన రెండో నిమిషంలో పట్టీలు తిరగడం ఆపేశాయి, బోల్టు మాత్రం లోపల గిర్రున తిరుగుతూ ఉంది. నట్టును గట్టిగా బిగించలేదనుకుని మళ్లీ బిగించాను. మళ్లీ అదే జరిగింది.

కారణం బిగింపులో కాదు, దిశలో ఉంది. డ్రిల్‌ను వెనక నుంచి చూస్తే అది మామూలుగా సవ్య దిశలో, గడియారం ముల్లులా తిరుగుతుంది. జాబ్ మాప్‌ను వెనక్కి పట్టి లాగుతుంది, అంటే అపసవ్య దిశలో. ఆ లాగుడు పట్టీల నుంచి వాషరుకు, వాషరు నుంచి నట్టుకు చేరుతుంది. నట్టు చక్ వైపున ఉంది కనుక దాన్ని కూడా వెనక నుంచే చూడాలి. వెనక నుంచి చూసినప్పుడు అపసవ్య దిశ అంటే కుడి మర నట్టును (సవ్యంగా తిప్పితే బిగిసే మామూలు నట్టును) విప్పే దిశ. మాప్ ఎంత పని చేస్తే నట్టు అంత వదులవుతుంది.

నట్టు బయటి కొనన ఉంటే లెక్క తారుమారవుతుంది. ఎదుటి నుంచి చూస్తే డ్రిల్ అపసవ్యంగా తిరుగుతుంది, జాబ్ లాగుడు సవ్యంగా ఉంటుంది, ఆ లాగుడు నట్టును బిగిస్తుంది. బెంచ్ గ్రైండర్ ఎడమ చక్రానికి ఎడమ మర నట్టు (అపసవ్యంగా తిప్పితే బిగిసేది) ఉండటానికి కారణం కూడా ఇదే సూత్రం.

అందువల్ల ఆలోచించి చేసిన ఇరుసు ఇంకోలా ఉంటుంది. సగం వరకే మరలున్న బోల్టు తలను కోసేస్తారు. తల పోయాక మిగిలిన నునుపు భాగం చక్‌లోకి వెళ్తుంది. మర ముగిసే చోటు దాకా ఒక నట్టును తిప్పి బిగిస్తే అది లోపలి ఆనకం అవుతుంది. ఆపై వాషరు, పట్టీలు, వాషరు, చివర, మరను పట్టి ఉంచే నైలాన్ వలయం ఉన్న నైలాక్ నట్టు. దీనితో ఇంకో లాభం కూడా ఉంది. చక్‌లోని మూడు దవడలు మరల మీద పడితే అవి మర శిఖరాలను మాత్రమే పట్టుకుంటాయి, జారతాయి, మరలను నలుపుతాయి. నునుపు కాడను మాత్రం పూర్తిగా అదుముకుంటాయి.

అయినా నైలాక్ నట్టో, రెండు నట్లను ఒకదానికొకటి బిగించే చెక్ నట్టో ఎందుకు కావాలి? రెండు కారణాలున్నాయి. ట్రిగ్గర్ వదలగానే చప్పున ఆగే బ్రేకు ఉన్న డ్రిల్‌లో ఇరుసు ఆగినా మాప్ తన ఊపులో ముందుకు తిరగాలని చూస్తుంది, ఆ ఊపు నట్టును విప్పే దిశలో ఉంటుంది. రెండోది గుడ్డ స్వభావం: కొత్త పట్టీల దొంతర మొదటి కొన్ని నిమిషాల్లో అణిగి పలచబడుతుంది, దానితో బిగింపు తగ్గుతుంది. మొదటిసారి తిప్పిన తరువాత యంత్రం ఆపి నట్టును ఇంకాస్త బిగించే అలవాటు ఇందువల్ల వచ్చినదే.

ఇరుసు మందం, పొడవుల గురించి ఒక మాట. పక్క నుంచి నొక్కినప్పుడు ఇరుసు వంగే తీరు దాని పొడవు ఘనంతో పెరుగుతుంది, వ్యాసం నాలుగో ఘాతంతో తగ్గుతుంది. చక్ నుంచి మాప్ రెట్టింపు దూరంలో ఉంటే వంపు ఎనిమిదింతలు. 6 మి.మీ. కాడ బదులు 8 మి.మీ. వాడితే వంపు మూడో వంతుకు పడిపోతుంది. మాప్‌ను చక్‌కు వీలైనంత దగ్గరగా ఉంచాలనడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు. డ్రిల్ ప్రెస్‌లో, అంటే స్తంభానికి నిలువుగా బిగించిన డ్రిల్ యంత్రంలో, ఇంకో మెలిక ఉంది. చాలా డ్రిల్ ప్రెస్‌ల చక్ కోసు ఆకారపు కాడ ఒరిపిడి మీదే నిలబడి ఉంటుంది. అది కిందికి రంధ్రం వేసేటప్పుడు పైకి వచ్చే ఒత్తిడి కోసం చేసిన ఏర్పాటు. పక్క ఒత్తిడి, ప్రకంపన రెండూ కలిస్తే చక్ వదులై కింద పడే అవకాశం ఉంది.

రెండు మిల్లీమీటర్ల తప్పు

మన మాప్‌లో 24 పట్టీలున్నాయి, మొత్తం 72 గ్రాములు. అన్నింటినీ ఒకే కట్టగా పెట్టి రంధ్రం వేసినప్పుడు అది అసలు మధ్య నుంచి పొడవు వైపు 2 మి.మీ. జరిగిందనుకుందాం. పట్టీలన్నీ ఒకే వైపు పేరిస్తే 72 గ్రాముల బరువు 2 మి.మీ. పక్కన తిరుగుతుంది. 3000 చుట్ల వద్ద అది దాదాపు 14 న్యూటన్ల బలం, అంటే సుమారు కిలోన్నర బరువు, సెకనుకు 50 సార్లు దిశ మార్చుకుంటూ చేతిని ఊపుతుంది. 1500 చుట్ల వద్ద అది నాలుగో వంతే.

పట్టీలను ఒక్కొక్కటి 30 డిగ్రీలు తిప్పుతూ పేరిస్తే ఈ తప్పులు ఒకదానినొకటి రద్దు చేసుకోవాలి. పన్నెండు పట్టీలతో ఒక పూర్తి వలయం, ఇంకో పన్నెండుతో మరొకటి. కానీ పట్టీకి రెండు కొనలూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఆరు పట్టీలకే వలయం నిండినట్టు కనిపిస్తుంది. అక్కడ ఆగి మళ్లీ మొదటి స్థానం నుంచి మొదలుపెడితే మాప్ చూపుకు అచ్చం అలాగే ఉంటుంది, కానీ తప్పులో దాదాపు 64 శాతం రద్దు కాకుండా మిగిలిపోతుంది. రంధ్రం వేసేటప్పుడు కట్ట ఒక కొనన పెన్సిల్ గీత గీస్తే చాలు, ఆరో పట్టీ దాటాక కూడా ఆ గీతను అనుసరించి చుట్టు పూర్తి చేయవచ్చు. ఇంత శ్రద్ధగా పేర్చి, 8 మి.మీ. బోల్టుకు 10 మి.మీ. రంధ్రం వేస్తే పడ్డ శ్రమంతా వృథా, ఎందుకంటే దొంతర మొత్తం ఒక మిల్లీమీటరు పక్కకు కూర్చోవచ్చు.

మాప్ చేయలేని పని

మాప్ ఉన్న రూపాన్ని అనుసరిస్తుంది, దాన్ని సరిచేయదు. ఎగుడుదిగుడు పలక మీద మాప్ నడిపితే నునుపైన ఎగుడుదిగుడు పలక వస్తుంది. పదునుగా ఉండాల్సిన అంచు మీద ఒక్క క్షణం ఎక్కువ నిలిపితే అది గుండ్రబడుతుంది. పూతకు ముందు అంచును కాస్త మొద్దు చేయాలనుకునేవారికి ఇదే గుణం, కీళ్లు అతికే చోట అంచు కావాలనుకునేవారికి ఇదే దోషం. మెత్తటి కలపలో వసంతంలో పెరిగిన మెత్తని పొరలు, ఆ తరువాత పెరిగిన గట్టి పొరలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. మాప్ మెత్తని పొరను ముందు తినేసి గట్టి పొరను ఎత్తుగా వదులుతుంది, ఫలితంగా చారలు తేలుతాయి. కొందరు పాత కలప రూపం కోసం దీన్ని కావాలనే చేస్తారు.

ఇంట్లో కట్టినదా, ఫ్యాక్టరీదా

ఇంట్లో కట్టిన మాప్‌ను అసలు వాడకూడదనేవారి వాదన తేలికగా కొట్టిపారేసేది కాదు. ఫ్యాక్టరీ వస్తువు మీద గరిష్ఠ వేగం ముద్రించి ఉంటుంది, ఆ అంకె వెనుక పరీక్షలుంటాయి. ఇంట్లో కట్టినదాని గరిష్ఠ వేగం కట్టినవారికి కూడా తెలియదు. మరో వైపు, 1500 చుట్ల దగ్గర ఊడి ఎగిరే వస్తువు ఒక గ్రాము గుడ్డ. కంటికి అద్దాలుంటే దాని నుంచి వచ్చే ప్రమాదం చిన్నదే, నచ్చిన రేణువుతో, నచ్చిన వెడల్పుతో కట్టుకునే స్వేచ్ఛ పెద్దది. నా అంచనాలో ఈ రెండు వాదనలు వేర్వేరు వేగాల గురించి మాట్లాడుతున్నాయి. 2000 చుట్ల లోపు రెండో వాదన నిలుస్తుంది. 3000 దగ్గర ఇరుసు, నట్టు, సమతూకం అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో లెక్క చూడాల్సిందే. గ్రైండర్ వేగం దగ్గర మొదటి వాదనకు ఎదురు లేదు.

చేతి తొడుగుల మీద కూడా భేదాభిప్రాయం ఉంది. రేణువుల నుంచి చర్మాన్ని కాపాడతాయని కొందరు వేసుకుంటారు. అయితే తిరిగే పాయల గుత్తి వదులుగా ఉన్న గుడ్డను చుట్టుకుని లాగడంలో దిట్ట. తొడుగు చిక్కితే దానితో పాటు వేలు కూడా వెళ్తుంది. జాబ్ చిన్నదైతే దాన్ని చేత్తో కాక పట్టుకారులోనో బిగింపులోనో పెడితే ఈ తర్జనభర్జనే ఉండదు. దుమ్ము విషయంలో మాత్రం వాదనకు తావు లేదు. చెక్క పొడిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది, మాప్ ఆ పొడిని గాలిలోకి విసనకర్రలా విసురుతుంది. ఇనుము మీద పని చేసి నిప్పురవ్వలు రాల్చిన మాప్‌ను చెక్క పొడి పేరుకున్న చోట తిప్పడం మరో రకం ప్రమాదం.

అరిగిన మాప్ కొత్తదానిలా ఉండదు

కొత్త మాప్ మొదట బిరుసుగా ఉండి గీతలు పెడుతుంది. పనికిరాని చెక్క ముక్క అంచు మీద కాసేపు తిప్పితే పాయలు విడివడి మెత్తబడతాయి. ఆ తరువాత చాలాకాలం అది నిలకడగా పని చేస్తుంది. అరుగుదల ముదిరాక రెండు మార్పులు ఒకేసారి వస్తాయి. 158 మి.మీ. మాప్ 120 మి.మీ.కు చేరినప్పుడు, అవే 1500 చుట్ల వద్ద కొన వేగం 12.4 మీటర్ల నుంచి 9.4 మీటర్లకు పడిపోతుంది, కోత మందగిస్తుంది. అదే సమయంలో పాయలు పొట్టివై వంగడం తగ్గుతుంది. గాడి అడుగుకు చేరాల్సిన కొన అక్కడి దాకా అందదు. చుట్లు పెంచితే కోత తిరిగి వస్తుంది గానీ పాయల పొడవు రాదు. అప్పుడు నట్టు విప్పి పట్టీలు మారుస్తారు. ఇరుసు, వాషర్లు అవే మళ్లీ పనికొస్తాయి. నైలాక్ నట్టును మాత్రం వేలితో తిప్పి చూడాలి: నైలాన్ భాగం మర మీదికి ఎక్కాక కూడా అది సునాయాసంగా తిరిగిపోతే పట్టు పోయినట్టే, కొత్త నట్టు వేయాలి.